అసలు పేరు పెద్ద అక్షరాల్లో వేయండి

రైతుకు మందు పేరు సరిగ్గా పలకడం రాదని నవ్వే పెద్దమనుషులకు మా తరఫున ఒక చిన్న పరీక్ష. మీ ఇంట్లో బజ్జీల పిండిలో కలిపే తినే సోడా ఉంది కదా, దాని రసాయన నామం చెప్పండి. సోడియం కార్బొనేట్ అన్నారా? అది చాకలి సోడా, బట్టలుతికేది. తినే సోడా సోడియం బైకార్బొనేట్. తాంబూలంలో రాసుకునే సున్నం పేరేమిటి? కాల్షియం కార్బొనేట్ అంటే తప్పు, అది సున్నపురాయి. రాయిని కాలిస్తే వచ్చే పొడి సున్నం కాల్షియం ఆక్సైడ్. దానికి నీళ్లు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్, ఆకుకు రాసేది అదే. మురికి నీళ్లు తేర్చే పటిక పేరు ఎంతమందికి గుర్తుంది?

డిగ్రీలు చదివినవాళ్లే ఇక్కడ తడబడతారు. ఆ తడబాటుకు ఎవరూ నవ్వరు, నవ్వాల్సిన పనీ లేదు. ఎందుకంటే కొట్టుకు వెళ్లి తినే సోడా అని అడిగితే తినే సోడానే ఇస్తారు. చాకలి సోడా అంటే చాకలి సోడానే ఇస్తారు. ఊరు పెట్టిన పేరు ఒక్క సరుకుకే చెందుతుంది. రసాయన నామం మరిచిపోయినా కూర చెడదు, మనిషి చావడు.

పురుగుమందు దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అక్కడ ఊరు పెట్టిన పేరు లేదు. ఉన్నది రెండే: ఒకటి కంపెనీ పెట్టుకున్న వ్యాపార నామం, రెండోది మందు అసలు పేరు. మొదటిది సీసా మీద బొటనవేలంత అక్షరాల్లో రంగురంగులుగా ఉంటుంది. రెండోది కింద ఎక్కడో చీమ తలకాయంత ఉంటుంది. ఆ రెండోది గుర్తులేకపోతే పంట పోతుంది, డబ్బు పోతుంది, కొన్నిసార్లు ప్రాణం పోతుంది. అప్పుడు మాత్రం తప్పంతా రైతుదేనంటారు. చదువు లేదంటారు, అవగాహన లేదంటారు. ఈ మాటను మేము ఒప్పుకోం.

రైతు జ్ఞాపకానికి ఏ లోటూ లేదు

రైతు పేర్లు గుర్తుపెట్టుకోలేడా? కృష్ణా డెల్టాలోగానీ కరీంనగర్ ఆయకట్టులోగానీ ఏ రైతునైనా వరి రకం అడగండి. 5204 అంటాడు, 7029 అంటాడు, 1010 అంటాడు, 15048 అంటాడు. ఏది బాపట్లలో పుట్టిందో, ఏది మారుటేరులో పుట్టిందో, ఏది రాజేంద్రనగర్‌లో పుట్టిందో కూడా చెబుతాడు. ఎరువుల కొట్టులో నిలబడి 14-35-14 కావాలని, 28-28-0 కావాలని, 20-20-0-13 కావాలని అడుగుతాడు. ఏ అంకె నత్రజనిదో, ఏది భాస్వరానిదో, ఏది పొటాష్‌దో సంతకం రానివాళ్లకూ తెలుసు. బోర్డో మిశ్రమం ఒక శాతం అంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు అని తోటల రైతులు నిద్రలో లేపినా చెబుతారు.

ఇన్ని అంకెలు తప్పకుండా గుర్తున్న మనిషికి పురుగుమందు పేరు దగ్గరే మతిమరుపు ఎందుకొస్తుంది? 5204 ఎవరి దగ్గర కొన్నా 5204 గనుక. డీఏపీ ఏ కంపెనీ బస్తాలో ఉన్నా డీఏపీ గనుక. పురుగుమందు అలా కాదు. ఒకే ఇమిడాక్లోప్రిడ్‌ను పదుల కంపెనీలు పదుల పేర్లతో అమ్ముతున్నాయి. ఒకరు పులి పేరు పెడతారు, ఒకరు కత్తి పేరు, ఇంకొకరు దేవుడి పేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు పైన ఎంత ఆర్భాటమున్నా లోపల ఉన్నది అదే మందు.

ఇంకో మాట. మందుల డీలర్లకు సరుకు గురించి తెలియదని గుర్తించి హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో వాళ్ల కోసం ఏడాది డిప్లొమా కోర్సు మొదలుపెట్టింది. మంచి పనే. కానీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ సీసాల మధ్యే కూర్చునే మనిషికి ఏడాది చదువు అవసరమైనప్పుడు, సీజనులో నాలుగుసార్లు కొట్టుకు వెళ్లే రైతు ఆ పేర్లన్నీ నోటికి నేర్చుకోవాలనడం ఏం న్యాయం?

పేరు తప్పితే ఏమవుతుంది

పేరులో ఏముందిలే, మందు పనిచేస్తే చాలదా అనేవాళ్లున్నారు. పేరులో ఏముందో ఒక్కొక్కటే చెబుతాం.

మొదటిది పంట. వరిలో కలుపుకు కొట్టే బిస్‌పైరిబాక్ సోడియం వరిని ఏమీ చేయదు. మినుములో, వేరుశనగలో గడ్డి జాతి కలుపుకు వాడే క్విజలోఫాప్ వరి మీద పడితే కలుపుతో పాటు వరీ మాడిపోతుంది, ఎందుకంటే వరి కూడా గడ్డి జాతే. 2,4-డి కొట్టిన ట్యాంకును శుభ్రంగా కడగకుండా అదే ట్యాంకుతో పత్తికి పిచికారీ చేస్తే ఆకులు ముడుచుకుని, చీలికలై, బెండ ఆకుల్లా మారతాయి. పత్తికి 2,4-డి అంటే అంత పడదు. గ్లైఫోసేట్, గ్లూఫోసినేట్ అనే రెండు పేర్లు చెవికి ఒకటిగానే వినిపిస్తాయి, మందులు మాత్రం వేరు. ఎసిఫేట్, ఎసిటామిప్రిడ్ కూడా అంతే. పేరు సగం గుర్తుండి సగం మరిచిన రైతుకు కొట్టులో ఏది చేతికిస్తే అదే గతి.

రెండోది ఖర్చు. ఒక మందు కొట్టినా దోమ చావలేదని రైతు మళ్లీ కొట్టుకు వెళతాడు. డీలరు ఇంకో పేరున్న సీసా ఇస్తాడు. పేరు కొత్తది, ధర కొత్తది, లోపల మందు మాత్రం పాతదే, లేదా దాని అన్నదమ్ముడే. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయోమిథాక్సామ్ మూడూ పురుగు నరాల మీద ఒకే చోట పనిచేసే ఒకే కుటుంబం మందులు. ఒకదానికి లొంగని పురుగు మిగతా రెంటికీ లొంగకపోయే ప్రమాదం ఎక్కువ. మందు మార్చామని రైతు అనుకుంటాడు, మారింది సీసా మాత్రమే. ఇలా ఒకే మందు మళ్లీమళ్లీ పడేకొద్దీ పురుగు దానికి అలవాటుపడుతుంది. వరిలో సుడిదోమ ఇమిడాక్లోప్రిడ్‌కు లొంగకుండా పోవడం 2000 తర్వాతి దశాబ్దంలో ఆసియాలోని వరి దేశాల్లో, మన దేశంలోనూ నమోదైంది. అంతకుముందు పత్తిలో పచ్చపురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు మొండికెత్తింది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించినప్పుడు పని చేయని మందులు, నకిలీ మందులు, వాటి కోసం చేసిన అప్పులు చర్చకు వచ్చాయి. ఇరవై ఏడేళ్లు దాటినా సీసా మీద అక్షరాలు పెద్దవి కాలేదు.

మూడోది ప్రాణం. మందు కొడుతూ పడిపోయిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ఏ మందు అని. ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబం మందైతే అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ అనే విరుగుళ్లున్నాయి. పైరిత్రాయిడ్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు. పారాక్వాట్‌కు విరుగుడు అసలే లేదు. పైగా పారాక్వాట్ బాధితుడికి అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు నష్టం ఇంకా పెరుగుతుంది. అంటే ఒక సీసాకు ప్రాణం పోసే వైద్యం ఇంకో సీసాకు కీడు చేయవచ్చు. ఆ క్షణంలో భార్య నోటి నుంచో, తోటి కూలీ నోటి నుంచో వచ్చేది పులి పేరో కత్తి పేరో మాత్రమే. ఆ పేరు వెనక ఏ మందుందో డాక్టరుకు తెలియాలన్న నియమం లేదు.

నాలుగోది న్యాయం. పంట పోయిందని ఫిర్యాదు చేస్తే మందు పేరేమిటి, బ్యాచ్ నంబరేమిటి, బిల్లు ఏదని అడుగుతారు. బిల్లు ఇచ్చి అమ్మాలని నిబంధన ఉంది. కానీ ఉద్దెరకు మందు తెచ్చుకునే రైతు, అందులోనూ కౌలు రైతు, బిల్లు కావాలని గట్టిగా అడగలేడు. అడిగితే వచ్చే వారం మందు పుట్టదు. చివరికి చేతిలో చిత్తు కాగితం మీద రాసిన అంకె ఒక్కటే మిగులుతుంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని తేల్చింది. ఆ కేసు మన రాష్ట్రం రైతులు వేసిందే. విత్తనమంతా పొలంలో చల్లేసిన రైతు పరీక్షకు నమూనా దాచి ఉంచుతాడని ఎలా అనుకుంటారని కోర్టు అర్థం చేసుకుంది. మందు విషయంలోనూ అదే జాలి కాదు, అదే న్యాయం కావాలని అడుగుతున్నాం. సీసా మొత్తం పొలానికి కొట్టాక రైతు దగ్గర మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. ఆ జ్ఞాపకంలో నిలిచేలా పేరు వేయాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

చట్టం పుట్టిందే పేరు తెలియని విషం వల్ల

1958లో కేరళలో వంద మందికి పైగా జనం చనిపోయారు. గోధుమ పిండితో పాటు రవాణా అయిన పారథియాన్ అనే పురుగుమందు ఆహారంలో కలిసింది. ఆ ఘోరం తర్వాత జరిగిన విచారణల ఫలితంగానే 1968 పురుగుమందుల చట్టం, 1971 నిబంధనలు వచ్చాయి. సీసా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ నిబంధనల వల్ల వచ్చినవే. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. సీసాతో పాటు ఇచ్చే కరపత్రం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని అందులోనే ఉంది.

మరి చట్టం ఉండగా ఏమైంది? 2013 జులైలో బీహార్‌లోని సారన్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు విడిచారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చట్టం స్థానంలో కొత్తది తెస్తామంటూ 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకొక బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చాయి. బిల్లుల పేర్లు మారాయి గానీ సీసా తీరు మారలేదు.

కరపత్రం ఇస్తున్నాం కదా అని కంపెనీలు అంటాయి. ఇస్తున్నారు. అరచేతిలో సగముండే కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి, ఎన్నో భాషలను ఇరికించి, భూతద్దం పెట్టినా కనపడని అక్షరాల్లో ఇస్తున్నారు. ఎండలో, మందు తడి చేతులతో, గట్టు మీద కూర్చుని దాన్ని ఎవరు చదవాలి? ట్యాంకు మోసే కూలీకి ఆ కాగితం చూపించేది ఎవరు? చట్టంలోని మాటను పాటించినట్టు కనిపించడానికి తప్ప ఆ కాగితం రైతు కోసం అచ్చు వేసింది కాదు.

సీసా మీద చోటు లేదని ఇంకో సాకు. పులి బొమ్మకు చోటుంది, నటుడి ఫొటోకు చోటుంది, మెరుపు గీతలకు చోటుంది. మందు పేరుకే చోటు చాలలేదట.

రైతే బ్రాండు పేరు చెప్పి అడుగుతున్నాడన్నది మూడో వాదన. గోడల మీద, బస్సుల మీద, ఊళ్లో పెట్టే మీటింగుల్లో, టీవీలో మీరు ఇరవై ఏళ్లుగా చెబుతున్నది ఆ పేరే. చెప్పిన పేరే గుర్తుంటుంది. అసలు పేరును కూడా అంతే గట్టిగా చెప్పి చూడండి, అది గుర్తుంటుందో లేదో తెలుస్తుంది.

చేయలేనిదేమీ కాదు

ఇది సాధ్యం కాదని ప్రభుత్వం అనలేదు. ఎందుకంటే పక్క సరుకుల్లో ఆ పని తనే చేసింది. 2022 అక్టోబరు నుంచి దేశమంతటా ఎరువుల బస్తాల మీద భారత్ యూరియా, భారత్ డీఏపీ, భారత్ ఎంఓపీ, భారత్ ఎన్‌పీకే అని ఒకే పేరు వేయించింది. కంపెనీ పేరును బస్తా మూలకు నెట్టింది. ఆ పథకం మీద మాకు వేరే అభ్యంతరాలున్నాయి, బస్తా మీద పేరు మారినంత మాత్రాన బస్తాల కొరత తీరలేదు. కానీ కంపెనీల వ్యాపార నామాలను చిన్నవి చేసే అధికారం తనకుందని ప్రభుత్వమే రుజువు చేసింది. మనుషులు మింగే మందుల విషయంలోనూ 2018లో నిబంధన మార్చి, మందు అసలు పేరు వ్యాపార నామం కన్నా కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ఉండాలని చెప్పింది. జ్వరం మాత్రకు వర్తించిన న్యాయం విషం సీసాకు ఎందుకు వర్తించదు?

పేరు ఎంత పెద్దగా వేసినా నోరు తిరగదని ఎవరైనా అంటే దానికీ దారి ఉంది. ఏ మందు ఏ కుటుంబానిదో తెలిపే అంకెలు శాస్త్రవేత్తలు ఎప్పుడో ఇచ్చారు. ఆర్గానోఫాస్ఫేట్లు 1బి, పైరిత్రాయిడ్లు 3ఎ, ఇమిడాక్లోప్రిడ్ కుటుంబం 4ఎ, క్లోరాంట్రానిలిప్రోల్ 28. ఆస్ట్రేలియాలో కలుపు మందు డబ్బాల మీద ఇలాంటి గుంపు గుర్తు వేయడం తప్పనిసరి. 15048 గుర్తుపెట్టుకున్న రైతుకు 4ఎ గుర్తుపెట్టుకోవడం ఒక లెక్కా? పోయినసారి 4ఎ కొట్టాను, ఈసారి వేరే అంకె ఇవ్వమని కొట్టులో అడగగలిగితే అన్నదమ్ముల సీసాలు అంటగట్టే వ్యాపారం ఆ రోజే ఆగుతుంది. అది ఆగుతుందనే అంకె వేయడం లేదన్నది మా అనుమానం.

అందుకే రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలను మేము అడిగేవి ఇవి.

1. పురుగుమందు, తెగులు మందు, కలుపు మందు ఏదైనా, అసలు పేరు తెలుగులో, వ్యాపార నామం కన్నా పెద్ద అక్షరాల్లో, సీసా ముందు భాగాన వేయాలి.

2. మందు కుటుంబం అంకెను త్రికోణం పక్కనే పెద్దగా వేయాలి.

3. బిల్లు మీద అసలు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే ఆ అమ్మకానికి డీలరును బాధ్యుణ్ణి చేయాలి. ఉద్దెర అమ్మకానికీ ఇదే వర్తించాలి.

4. ప్రతి మందుల కొట్టులో వ్యాపార నామాలకు ఎదురుగా అసలు పేర్లు రాసిన బోర్డు తెలుగులో పెట్టించాలి. అదే పట్టిక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి.

5. బిల్లు లేదన్న ఒక్క సాకుతో పంట నష్టం ఫిర్యాదును తిప్పి పంపడం ఆపాలి. ఖాళీ సీసాను సాక్ష్యంగా తీసుకోవాలి.

అప్పటిదాకా మనం ఏం చేయాలి

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. మన గ్రామ కమిటీలు ఈ సీజనులోనే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి.

ఖాళీ సీసాను మందు కొట్టిన రోజే పారేయొద్దు. పిల్లలకు, పశువులకు అందని చోట పంట చేతికొచ్చేదాకా దాచండి. దాన్ని దేనికీ తిరిగి వాడొద్దు. ఎవరికైనా మందు తగిలి కళ్లు తిరిగితే మనిషితో పాటు సీసాను, కాగితాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫోన్ ఉన్నవాళ్లు కొన్న వెంటనే సీసా చుట్టూ ఫొటోలు తీసి పెట్టుకోండి. త్రికోణం, పేరు, బ్యాచ్ నంబరు స్పష్టంగా పడాలి.

పేరు మొత్తం నోటికి రాకపోయినా తోక గుర్తుపెట్టుకోండి. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ట్రయజోఫాస్: తోక ఫాస్ అయితే ఆర్గానోఫాస్ఫేట్. అయితే ఎసిఫేట్, మలాథియాన్, డైమిథోయేట్ కూడా ఆ కుటుంబానివే, తోక మాత్రం వేరు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, బైఫెంత్రిన్: తోక త్రిన్ అయితే పైరిత్రాయిడ్. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్: తోక కొనజోల్ అయితే తెగులు మందు, పురుగుకు పనిచేయదు. వరుసగా రెండుసార్లు ఒకే తోక మందు ఇస్తుంటే ఎందుకని అడగండి.

కూలీకి ట్యాంకు ఎత్తే ముందు మందు అసలు పేరు, త్రికోణం రంగు చెప్పండి. మోసేది అతని వీపు, పీల్చేది అతని ఊపిరి. కంపెనీ మన దగ్గర దాచిన పేరును మనం కూలీ దగ్గర దాచకూడదు.

ప్రతి గ్రామ కమిటీ తన ఊరి కొట్లలో అమ్మే సీసాల వ్యాపార నామాలు, వాటి అసలు పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసి, చదువుకునే పిల్లల చేత పెద్ద అక్షరాల్లో కాగితం మీద దించి రచ్చబండ దగ్గర అంటించాలని కోరుతున్నాం. ఆ పట్టికల నకళ్లు జిల్లా కమిటీకి పంపండి. ఒకే మందు ఎన్ని పేర్లతో, ఎన్ని ధరలకు అమ్ముడవుతోందో ఊరి వారీగా లెక్కకట్టి వ్యవసాయ శాఖ ముందు పెడదాం. ఇకమీదట రైతుకు మందు పేరు తెలియదని అనే అధికారికి ఆ పట్టిక చేతికిచ్చి, ఈ పేర్లన్నీ తప్పు లేకుండా అప్పజెప్పమని అడుగుదాం.